ముందు తనే ఎక్కినాయన

ఎనభైల్లో ఒక ఉదయం ఏడుంపావుకు మేమెక్కిన సర్వీసు జీపు మాచర్ల దాటాక గుంతలో పడింది. ముందు చక్రాలు గడగడా ఊగాయి, స్టీరింగు డ్రైవరు చేతుల్లో నిలవలేదు. బండి ఆగాక, నిండు నెలలతో ఉన్న నా భార్యను దింపాను.

తోటి ప్రయాణికుడొకాయన మెకానిక్కట. డ్రైవరుతో స్టీరింగు అటూ ఇటూ తిప్పించి, చక్రం వెనక కీలు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"టైర్లేమో అనుకున్నా భాయ్," అన్నాడు డ్రైవరు.

"టైర్లు మారుస్తానే ఉంటావు. కీలు చానా లూజయింది, చూసుకోవేందిరా?"

కీలు మూత విప్పి, సందు తగ్గేలా లోపలి సన్నటి రేకుల్లో ఒకటి తీసేసి బిగించాడు. నేను మా ఆవిడను ఎక్కించబోతే ఆపాడు.

"ఆగు బాబూ. బాగుచేసినోడు ముందెక్కాల."

తనే నడుపుతూ జీపును అదే గుంతలో రెండుసార్లు దూకించాడు. చక్రాలు ఊగలేదు. అప్పుడు, "ఇంక రామ్మా," అన్నాడు.

బాగుచేసినోడు ముందెక్కాలన్న ఆ మాటను మా ఆవిడ పోయేదాకా తలుచుకునేది. ఇప్పుడు బాగుచేసినవాళ్ళు తాళంచెవి చేతికిస్తారు, ముందు తామెక్కి చూడరు.