ఆపా చేసే కార్డులు

కోరుట్లలో మా పక్కింటామెను వీధంతా ఆపా అనే పిలిచేది. పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ ఆమె చేత్తో కార్డులు చేసి ఇచ్చేది. పూల స్టాంపును సిరాలో అద్ది అట్ట మీద ఒత్తేది. రంగు కాగితాల్లోంచి పంచ్‌తో చిన్న చిన్న రేకులు తీసి, ఒక్కొక్కటే గమ్ముతో అంటించేది. లోపల మాత్రం ఎవరికీ ఒక్క అక్షరం రాసిచ్చేది కాదు.

సిరిసిల్లలో ఉండే మా అక్కకూ నాకూ రెండేళ్లుగా మాటల్లేవు. అమ్మ పోయాక చీరలు పంచుకునేటప్పుడు నేనే నోరు జారాను. అక్క పుట్టినరోజుకు ఆపాతో కార్డు చేయించుకున్నాను.

"లోపట కూడా ఏదన్న నువ్వే రాయి ఆపా," అన్నాను.

"పువ్వులు నేనేసిన బిడ్డా. లొల్లి వెట్టుకున్నది నువ్వు. నువ్వే రాయాలె," అని పెన్ను నా చేతిలో పెట్టింది.

చాలాసేపు కూర్చుని, "అక్కా, తప్పు నాదే" అని రాసి, కార్డు పోస్టు చేశాను.

నాలుగో రోజు అక్క ఫోన్ చేసింది. "కార్డు అచ్చింది. ఐతారం ఇంటికి రా," అంది. ఏడుపు ఆపుకోలేక ఫోన్ పెట్టేసింది.

వెంటనే వెళ్లి ఆపాకు చెప్పాను. పంచ్ నొక్కుతూనే అంతా విన్నది.

"పోస్టుల రేకులు ఊడలేదు గదా?" అని అడిగింది.