డాలరు ఒకరోజు ముందు వచ్చేది

పోయినవి ముందు రాస్తాను. పదిహేను వందల రూపాయలు. మా అక్క బావిలో మూడు గజాల లోతు. ఆ బావి కింద పండాల్సిన రెండు యాసంగి పంటలు. హైదరాబాదులో ఒక షేర్ల బ్రోకరుతో ఉన్న మంచి పరిచయం. ఇవన్నీ పోయింది ఒక నోటుబుక్కు వల్ల. దాన్ని రాసింది నేనే.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడి మూతపడితే మళ్లీ పోలేదు. జనగామలో కమీషన్ మీద ధాన్యం అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేరాను. లెక్కలు అక్కడే నేర్చుకున్నాను. అక్కడి మొదటి నియమం, సరుకు దిగిన రోజు తేదీనే చిట్టాలో వేయాలి. రైతు ఎప్పుడు కోశాడో, బండి ఎప్పుడు బయల్దేరిందో మనకు అక్కర్లేదు.

ఎనభైల మధ్యలో మహబూబాబాద్ మిర్చి వ్యాపారి ఒకాయన మా దుకాణానికి వస్తుండేవాడు.

"డాలర్ లేస్తే ఎగుమతి కంపెనీల షేర్లు లేస్తయి తమ్మీ. గిది పక్కా."

"గంత పక్కా అయితే నువ్వింకా మిర్చి ఘాటు ఎందుకు పీలుస్తున్నవ్ అన్నా?"

నేను ఎవరి మాటా నమ్మను, అందుకే రాసి చూద్దామనుకున్నాను. సాయంత్రం రేడియోలో డాలరు ధర విని ఆ రోజు వరుసలో వేసేవాణ్ణి. పొద్దున రైలుకు వచ్చే పేపరులో తోళ్లు ఎగుమతి చేసే ఒక కంపెనీ షేరు ధర చూసి, ఆ రోజు వరుసలో వేసేవాణ్ణి. నలభై రోజులు రాశాను. డాలరు పెరిగిన మర్నాడు షేరు పెరగడం చాలాసార్లు కనపడింది.

దేవరుప్పులలో ఉండే మా అక్క అప్పటికే నా దగ్గర రెండు వేల ఐదు వందలు దాచింది. వాళ్ల బావిలో రాయి పడింది. ఇంకో ఐదు గజాలు దిగితే నీళ్లని బావి తవ్వేవాళ్లు చెప్పారు. రాయి పగలగొట్టడానికి గజానికి ఐదు వందలు. ఎండాకాలం దాకా ఆ పని లేదు. ఈలోగా ఆ డబ్బు షేర్లలో పెట్టి పెంచి ఇద్దామనుకున్నాను. అక్కకు చెప్పలేదు.

రేడియోలో డాలరు పెరిగిందని వింటే, తెల్లారి పోస్టాఫీసు తెరవగానే షేర్లు కొనమని హైదరాబాదు బ్రోకరుకు తంతి కొట్టేవాణ్ణి. అతను పంపే రసీదులో మాత్రం ఎప్పుడూ పెరిగిన ధరే ఉండేది. రెండు మూడు రోజుల్లో అది మళ్లీ దిగేది, నష్టానికి అమ్మేసేవాణ్ణి. పొద్దున పాత ధరకు కొని, నాకు కొత్త ధర వేసి, మధ్యలో తేడా మింగుతున్నాడని నాకు అనుమానం. ఏడుసార్లు అలాగే అయింది. దొంగవని ఉత్తరం రాశాను. అతను జవాబివ్వలేదు. జవాబు లేదు కాబట్టి దొంగేనని తేల్చుకున్నాను.

ఎండలు ముదిరాక బావ డబ్బు కోసం వచ్చాడు. నేను మాట దాటేస్తుంటే దుకాణంలో కూర్చుని పేపరు తిరగేశాడు.

"ఏంది బామ్మర్దీ, గీ మ్యాచు మనోళ్లు నిన్న రేడియోల గెలిచిండ్రు. ఇయ్యాల పేపర్ల మళ్ల గెలిచిండ్రు. ఒక్క మ్యాచు ఎన్నిసార్లు గెలుస్తరు?"

నేను నవ్వలేదు. నోటుబుక్కు తీశాను. పేపరులో ఉండేది నిన్నటి షేరు ధర. దాన్ని ధాన్యం బస్తాలాగా, దిగిన రోజు కింద రాసుకున్నాను. షేరు వరుసంతా ఒకరోజు పైకి జరిపి చూశాను. డాలరూ షేరూ ఒకే రోజు కదిలాయి. డాలరు పెరిగిన అసలు మర్నాటిని లెక్కేస్తే, పెరిగినవీ తగ్గినవీ దాదాపు సమానం. నేను తంతి కొట్టేసరికి షేరు ముందురోజే పెరిగి ఉండేది. బ్రోకరు రాసిన ధర నిజమే.

ఆ పూటే బావకు జరిగింది చెప్పి, మిగిలిన వెయ్యి చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు లెక్కపెట్టి బస్సెక్కాడు. దాంతో రెండు గజాలు దిగింది. నీళ్లు పడలేదు. రెండు యాసంగులు చూసి బావ భూపాలపల్లి బొగ్గు పనికి పోయాడు.

"నీళ్ల కోసం తవ్వుదామంటే పైసల్లేవు. బొగ్గు కోసం తవ్వితే జీతమిస్తరట," అన్నాడు పోతూ.

ఇప్పుడు కూడా రూపాయిని చూసి షేర్ల దారి చెబుతామనేవాళ్లు వస్తుంటారు. వాళ్లను ఒకటే అడుగుతాను, ఈ అంకె ఏ రోజుది, నీకు ఏ రోజు తెలిసింది? సగంమంది అక్కడే ఆగిపోతారు. మిగతా సగాన్నీ నేను నమ్మను.

కొన్నేళ్లకు పదిహేను వందలు కూడబెట్టి అక్క చేతిలో పెట్టాను.

"గిప్పుడు గజానికి ఎంతనో ఎరికేనా తమ్మీ?" అంది. "పదిహేను వందలు."

ఆ డబ్బుతో ఒక గజం తవ్వించింది. రూపాయల్లో చూస్తే చెల్లిపోయింది. అక్క మాత్రం అప్పు గజాల్లోనే లెక్కపెడుతుంది. ఆ లెక్కే సరైనది. ఇంకా రెండు గజాలు.