అక్క పాట, నా స్టీరియో

ఆ రోజుల్లో, అంటే టేపు రికార్డరు ఇంకా ఇంటింటికీ రాని ఎనభైల మొదట్లో, ఏ వస్తువు గురించైనా నాలుగు పేజీలు చదివితే దాన్ని తయారుచేసినవాడికంటే నాకే ఎక్కువ తెలుసని నమ్మేవాణ్ణి. వరంగల్‌లో ఇంజినీరింగు రెండో ఏడు చదువుతున్నాను (చదువుతున్నానని ఇంట్లో అనుకునేవారు). మా అక్క చర్చి క్వయర్‌లో పాడేది. టైపు నేర్చుకుని, ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టి పెట్టి విసిగిపోయిన రోజుల్లో, హైదరాబాదులో ఒక పాటల బృందం కొత్త గొంతుల కోసం చూస్తోందనీ, పాట రికార్డు చేసి క్యాసెట్ పంపాలనీ తెలిసింది. అక్క ముఖం చాలాకాలానికి వెలిగింది. నాయిన టేపు రికార్డరు కొందామన్నారు. ఏది కొనాలో తేల్చే పని నాది.

డోర్నకల్‌లో రైల్వేలో పనిచేసే మేనమామ, "నా టేపు డబ్బా తెస్త తియ్ అల్లుడా. మైకు దాంట్లనే ఉంటది, మీట నొక్కుడే," అన్నాడు. "దాంట్ల స్టీరియో లేదు మామా," అని జాలిగా చూశాను. స్టేషన్ రోడ్డు దుకాణంలో అద్దం వెనక శబ్దాన్ని కొలిచే రెండు సూదులు మెరుస్తున్న పెద్ద క్యాసెట్ డెక్కు కనబడగానే మనసు పారేసుకున్నాను. దుకాణదారు "తమ్మీ, దీంట్ల మైకు..." అని మొదలుపెట్టాడు. "నాకెర్కనే అన్నా, మీరు ప్యాక్ చెయ్యిండ్రి," అన్నాను.

శనివారం పొద్దున ఫ్యాన్లు ఆపి, తలుపులు వేసి, చర్చి నుంచి తెచ్చిన మైకు పిన్నును డెక్కు వెనక రంధ్రంలో ఎలాగో ఇరికించాను. అక్క పాడింది. సూది కదల్లేదు. "జర గట్టిగ పాడక్కా," అన్నాను. పాడింది. ఇంకా గట్టిగా పాడింది. "దానికి చెవుడున్నదేమోరా," అంది అమ్మ. నాలుగోసారికి అక్క గొంతు బొంగురుపోయింది. సోమవారం పొద్దున క్యాసెట్ పోస్టులో వేయకపోతే గడువు దాటిపోతుంది. అక్క నన్ను తిట్టలేదు. "పోనీ తియ్‌రా, మల్లెప్పుడన్న చూద్దం," అని లోపలికి వెళ్లింది. తిట్టినా బాగుండేది.

దుకాణానికి పరుగెత్తాను. "అదే చెప్పబోతే వినవైతివి. ఇది వేరే మిషన్లకెల్లి వచ్చే పాటనే నింపుకుంటది. మైకుకైతే నడుమ యాంప్లిఫైయర్ కావాలె," అన్నాడాయన. మర్నాడు ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి, డోర్నకల్ రైలెక్కి మామ ముందు నిలబడ్డాను. మామ చొక్కా తొడుక్కుని, డబ్బా నా చేతిలో పెట్టి నాతో బయలుదేరాడు. పొద్దంతా మిరియాల పాలు తాగి, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న అక్క సాయంత్రం ఒక్కసారే పాడింది. మీట నొక్కుడే అయింది. నేను మాత్రం ఊరుకోలేక, పాటకు ముందు డబ్బాకు మూతి ఆనించి పాట పేరు, అక్క పేరు, "రికార్డింగ్ ఇంజినీర్" అంటూ నా పేరు ప్రకటించాను.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. అక్కను తీసుకున్నారు. కింద ఇంకో వాక్యం ఉంది: "ఇంజినీరు గారు కొంచెం దూరంగా నిలబడి మాట్లాడి ఉంటే మా చెవులు బాగుండేవి." మామ ఆ ఒక్క వాక్యాన్నే ఇంటికి వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాడు.

ఇప్పుడు ఎవరైనా ఏ మిషను కొనాలని అడిగితే "దేనికి?" అని ముందు అడుగుతున్నాను. ఈపాటి బుద్ధి అప్పుడే ఉంటే అక్క గొంతుకు అంత కష్టం వచ్చేది కాదు. అయినా, ఆ ఆదివారం కిక్కిరిసిన రైలు పెట్టెలో, మామ డబ్బాకు ఎవరి మోచెయ్యీ తగలకుండా రెండు చేతులూ అడ్డుపెట్టి కూర్చున్న ఆ తెలివితక్కువ కుర్రాడంటే నాకు ఇప్పటికీ ఇష్టమే.