కాక వేసిన ఈల

మూడుసార్లు రాశాను. మా ఫుట్‌బాల్ జట్టు ఆఫీసుకు రెండు ఉత్తరాలు, ఒక ఈమెయిలు. ఉత్తరాలకు జవాబే లేదు. ఈమెయిలుకు మాత్రం మరుక్షణమే ‘మీ అభిమానానికి ధన్యవాదాలు’ అని వచ్చింది. అది మనిషి రాసింది కాదని నాకు తెలుసు. నేను అడిగింది ధన్యవాదాలు కాదు.

కరోనా వచ్చిన ఏడాది చివరికి సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, మళ్లీ తిరగడం మొదలైంది. అక్కడి లింబాయత్ పేటలో ఆరుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. అందులో ఒకాయన్ని కాకా అనేవాణ్ని. సొంత కాక, అంటే చిన్నాన్న, కాదు. మా ఊరివాడు, నాకు సాంచా నడపడం నేర్పినవాడు. ముప్పై ఏళ్లు ఆ హోరులో నిలబడి ఆయన చెవులు మొద్దుబారాయి. మన పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. ఈల ఒక్కటే నేరుగా వినపడేది. మగ్గాల షెడ్డులో మా భాష ఈలే. పొడుగ్గా వేస్తే పోగు తెగిందని, రెండు పొట్టివి వేస్తే చాయ్ వచ్చిందని. కాకకు ముందు పన్ను ఒకటి లేదు. అందుకని ఆయన ఈల చివర్లో కాస్త జారేది, పతంగి ఒక్కసారి తల వంచినట్టు. ఎన్ని మగ్గాలు మోగుతున్నా అది ఆయనదేనని నాకు తెలిసిపోయేది.

ఆ ఏడాది మా జట్టు మ్యాచ్‌లన్నీ గోవాలో, జనం లేకుండా ఆడించారు. ఖాళీ కుర్చీల మధ్య వినిపించడానికి కేకలు రికార్డు చేసి పంపమని జట్టువాళ్లు అభిమానులను అడిగారు. వాళ్లే అడిగారు, నేను వెంటపడలేదు. కరెంటు లేక మగ్గాలు ఆగిన ఒక మధ్యాహ్నం ఇద్దరం డాబా ఎక్కాం. అంత నిశ్శబ్దంలో ఊరు నీళ్ల కింద ఉన్నట్టుంది. కాక రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని పొడుగ్గా ఈల వేశాడు. ఫోన్లో పట్టి పంపాను. అందిందని కూడా వాళ్లు చెప్పలేదు.

సీజన్ చివరి మ్యాచ్ నాడు పగటి పాళీ దిగి వచ్చి, ఫోన్ గోడకు ఆనించి కూర్చున్నాం. గదిలో టీవీ ఉంది కానీ మాకు ఏనాడూ దక్కలేదు. క్రికెట్ కోసం ఎవరు ఎన్నిసార్లు లాక్కున్నారో నాకు గుర్తుంది. ఒళ్లంతా ఇంకా మగ్గంలా అదురుతోంది. చిన్న తెర మీద పచ్చిక అలల్లా కదులుతోంది. లేని జనం కేకలు వస్తూ పోతూ ఉన్నాయి. నాకు కళ్లు మూతపడుతున్నాయి. అప్పుడు కాక ఉలిక్కిపడి లేచాడు.

“అరేయ్, నా ఈల ఇనవడ్డదిరా!”

“ఏంది కాకా? పక్కపొంటి పిలిస్తే ఇనవడది, గోవాల ఈల ఇనవడ్డదా?”

“జర ఆగు. గదే. సివరికి జారింది సూడు.”

“అది మిషన్ల సప్పుడు కాకా. పన్నైతే పోయింది, దిమాగ్ గూడ పోయిందా?” అన్నాను.

నాతో సహా గదంతా నవ్వింది. కాక నవ్వలేదు. “షెడ్డుల నా ఈల పట్టేటోనివి. గిక్కడ పట్టకపోతివి” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మ్యాచ్ ఓడిపోయాం. ఆటగాళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. వచ్చే ఏడాది వాళ్లలో సగం మంది వేరే చొక్కాల్లో మా మీదే ఆడతారు. జీతానికి ఆడేవాళ్లు, తప్పు పట్టను. నేనూ షెడ్లు మారినవాణ్నే. కానీ నేను వెళ్లిపోయానని ఏ మగ్గమూ దిగులుపడలేదు. వాళ్లు వెళ్లిపోతే దిగులుపడడానికి మేమున్నాం. మాకు మారడానికి వేరే జట్టు లేదు. సీజన్ అయిపోవడమంటే మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగినట్టు ఉంటుంది. ఆగాక కూడా చాలాసేపు చెవుల్లో హోరు తిరుగుతూనే ఉంటుంది.

మరుసటి నెలలో రెండో విడత కరోనా వచ్చింది. కాకను ఆసుపత్రికి తీసుకెళ్లాం. గేటు దగ్గర ఆపేశారు, లోపలికి ఆయన ఒక్కడే వెళ్లాడు. తిరిగి రాలేదు.

తరువాత ఆ మ్యాచ్ కోసం వెతికాను. ముఖ్యమైన ఘట్టాలు మాత్రమే దొరికాయి. వాటి మీద సంగీతం పెట్టారు. కేకలు లేవు, ఈలలు లేవు.

ఇప్పుడు కునుకు పట్టినప్పుడల్లా ఆ ఖాళీ స్టేడియం కనపడుతుంది. వరుసలు వరుసలుగా కుర్చీలు. ఎక్కడినుంచో ఒక ఈల లేచి, పచ్చిక మీద తిరిగి తిరిగి, చివర్లో తల వంచుతుంది. ఆటగాళ్లు ఆగి పైకి చూస్తారు. నేను మాత్రం నవ్వుతూ ఉంటాను.

నన్ను ఎవరు ఏమన్నా మరిచిపోయే అలవాటు నాకు లేదు. నేను అన్న ఆ మాటను కూడా మరవలేకపోతున్నాను. ఆయనది పొరపాటైతే నా నవ్వుకు ఏదో కొంత సాకు దొరుకుతుంది. ఆయన చెప్పిందే నిజమైతే, నేనన్నది తప్పని ఆ గదిలో మిగిలినవాళ్లందరి ముందూ ఒప్పుకుంటాను. నాకు కావలసింది రెండోదే.

అందుకే జట్టు ఆఫీసువాళ్లైన మిమ్మల్ని నాలుగోసారి అడుగుతున్నాను. ఆ సాయంత్రం మీరు వినిపించిన శబ్దాల్లో మా కాక ఈల ఉందా, లేదా? ధన్యవాదాలు వద్దు. మీలో ఒక మనిషి వెతికి చూసి, ఉందో లేదో చెప్పండి.