ఇనపచొక్కా, పెళ్ళికోటు

ఆ రోజుల్లో కంప్యూటరు కొత్తకోడలితో సమానం. దానికి విడిగా ఒక గది, పైన పూలు కుట్టిన గుడ్డ, దగ్గరికెళ్ళాలంటే చెప్పులు బయట విడవాలి, చేతులు తుడుచుకోవాలి, గట్టిగా మాట్లాడకూడదు. రెండువేల నాలుగో, అయిదో. ఏలూరులో మా వీధి మొత్తానికి మాది రెండోది. మా అమ్మాయి డిగ్రీ చదువు కోసమని తెచ్చాం గానీ, దాని ముందు ఎక్కువసేపు కూర్చున్నది నేనే. అప్పటికి నాకు యాభై నాలుగేళ్ళు. అదే నా కుర్రతనం. దాన్ని కుర్రతనం అంటారా అని మీరు ముక్కు మీద వేలేసుకోవచ్చు. ఆ ఏడాది నేను వేసిన వేషాలు విన్నాక ఆ వేలు మీరే తీసేస్తారు.

ముందే చెప్పేస్తున్నాను. గోదావరి జిల్లాల్లో మడుగు కోటని జయించిన మొట్టమొదటి మనిషిని నేనే. ఒంటి మీద చిన్న గీత పడకుండా, ఒకే ఒక్క ప్రాణంతో, పదకొండు నిమిషాల్లో. (ఈ వాక్యంలో కొన్ని సవరణలున్నాయి. వాటి దగ్గరికి వస్తాను, తొందరపడకండి.)

మడుగు కోట అంటే కొల్లేటి ఒడ్డున ఏదో పాతకోట అనుకునేరు. అది ఒక వీడియో గేములో పదకొండో అంచె. మా అమ్మాయి కాలేజీ స్నేహితురాలి దగ్గర సీడీ తెచ్చింది. అందులో ఒక వీరుడు. కంపెనీవాళ్ళు పెట్టిన పేరు మాకు నోరు తిరక్క వాడికి 'అబ్బులు' అని పేరు పెట్టుకున్నాం. ప్రతి అంచెకీ ముందు ఆయుధాల గది తలుపు తెరుచుకుంటుంది. అబ్బులు ఏం తొడుక్కోవాలి, చేత ఏం పట్టుకోవాలి, సంచిలో ఏం వేసుకోవాలి అన్నది మనమే చెప్పాలి. తెర మూల ఒక గీత ఉంటుంది. సామాను తక్కువైతే ఆకుపచ్చ, పెరిగేకొద్దీ పసుపు, మరీ ఎక్కువైతే ఎరుపు. ఎరుపొచ్చిందంటే అబ్బులు రొప్పుతాడు, అడుగు పడదు. కత్తి ఎంత బాగా తిప్పినా గెలుపోటములు తేలేది ఆ గదిలోనే. ఈ సంగతి నాకు చివరికి తెలిసింది. చివరికంటే నిజంగా చివరికే.

ఎందుకంటే నేను జనపనార మిల్లులో స్టోర్సు గుమాస్తాని. పాతికేళ్ళు బోల్టుల మధ్య, బెల్టుల మధ్య బతికినవాడికి ఏ వస్తువునీ వద్దనడానికి మనసొప్పదు. ఎప్పుడేం అవసరం పడుతుందో ఎవరికి తెలుసు? అందుకని అబ్బులుకి ఇనపచొక్కా తొడిగాను, ఇనపటోపీ పెట్టాను. రెండు చేతులా పట్టుకునే పెద్దకత్తి, వీపున డాలు, నడుముకి బాకు, భుజాన విల్లు, నలభై బాణాలు, ఆరు మందుగుండు బుడ్లు, కొక్కెం తాడు, కాగడా, సంచినిండా మూలికలు. గీత ఎర్రగా మండిపోయేది. అయినా అలాగే పది అంచెలు దాటించాను. (అందులో ఏడు మా అమ్మాయి దాటించింది.)

ఇక ఆ కోట గెలవడం నాకెందుకంత ప్రాణం మీదికొచ్చిందో చెప్పాలంటే మరో ముప్ఫై ఏళ్ళు వెనక్కెళ్ళాలి. మా ఆవిడది కొల్లేటి మధ్య ఒక లంక ఊరు. పెళ్ళయిన మూడో రోజు నన్నక్కడికి బయల్దేరదీశారు. ఆకివీడు దాటాక ఎక్కడో రోడ్డు అయిపోయింది, అక్కణ్ణుంచి తాటి దోనె. తాటిమాను తొలిచి చేసింది, అందులో మనిషి తుమ్మితే అదీ తుమ్ముతుంది. నేను పెళ్ళికోటు వేసుకున్నాను (ఉన్నిది, ఎండాకాలం), బూట్లు తొడుక్కున్నాను, నాతోపాటు ట్రంకుపెట్టె, కిరసనాయిలు స్టవ్వు, గొడుగు, ఒక గోడగడియారం ఎక్కించాను. అత్తవారింట్లో టైమెంతో తెలియకపోతే ఎలా? "కోటూ బూట్లూ విప్పేయండి, పెట్టె వెనక దోనెలో వస్తుంది" అని మూడు రోజుల పెళ్ళికూతురు నెమ్మదిగా చెప్పింది. కొత్త మొగుణ్ణి, వింటానా? సరిగ్గా నడిమధ్యకి వెళ్ళాక గడియారం పన్నెండు కొట్టింది. ఇదేంటని దానివైపు తిరిగాను. దోనె కూడా తిరిగింది. (గడియారం కొట్టిందన్నది నా కల్పన. దోమ కుట్టింది.)

"ములిగిపోతున్నానండోయ్! ప్రభువా! ఎవరైనా రండోయ్!" అని నేను వేసిన కేకలకి కొల్లేటి పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. వెనక దోనెలో గెడ వేస్తున్న మా ఆవిడ అన్నగారు గెడ ఆపి, ఎంతో మర్యాదగా అన్నారు.

"నించోండి బావగారూ. నడుం లోతే."

నించున్నాను. నడుం లోతే.

ఆ అన్నగారు తరవాత తాడేపల్లిగూడెంలో డ్రిల్లు మాస్టారై స్థిరపడ్డారు. గూడెం బావగారంటారు అందరూ. ముప్ఫై ఏళ్ళుగా ఏ బారసాలకైనా, ఏ గృహప్రవేశానికైనా భోజనాలవ్వగానే "గూడెం బావగారూ, ఆ దోనె కథ" అని ఎవరో ఒకరు అడగడం, ఆయన లేచి చేతులు తిప్పుతూ చెప్పడం, చివరి మాట జనమంతా కలిసి అరవడం. పైగా నీళ్ళలో కుంచించుకుపోయిన ఆ పెళ్ళికోటుని ఆయన తన బీరువాలో సాక్ష్యంగా దాచారు. ఇదంతా నేను సహించాను. కానీ ఆ ఏడు మా అమ్మాయికి తణుకు సంబంధం కుదిరింది. నెల్లాళ్ళలో నిశ్చితార్థం. వియ్యంకుడుగారు పెద్దమనిషి, హెడ్మాస్టరు. నేను మిల్లులో మకుటం లేని మహారాజునని ఆయనకొక అభిప్రాయం కలిగించి ఉన్నాను. ఆయన ముందు గూడెం బావగారు లేచి నించుని, ఆ కోటు దులిపి చూపిస్తే? తలుచుకుంటే అన్నం సయించేది కాదు.

గూడెం బావగారింట్లోనూ కంప్యూటరుంది, అదే సీడీ కాపీ ఉంది. ఆయనా పదకొండో అంచె దగ్గరే ఆగిపోయారు. రోజూ ఫోను.

"నిన్న కోటగుమ్మం దాకా వెళ్ళొచ్చానండి బావగారూ."

"నేను లోపలికెళ్ళి కాఫీ కూడా తాగొచ్చానండి." (అప్పటికి నేను గట్టు దిగలేదు.)

అలా మాటామాటా పెరిగి పందెం పడింది. నేను గెలిస్తే ఆయన ఈ జన్మలో దోనె కథ ఎత్తకూడదు, కోటు నాకు ఇచ్చెయ్యాలి. ఆయన గెలిస్తే నిశ్చితార్థంలో, వియ్యాలవారి ఎదుట, కోటుతో సహా పూర్తి కథ. ఎవరికైనా మూడే ప్రాణాలు.

ఆదివారం చర్చి అయ్యాక మా ఇంట్లో అందరం చేరాం. పాస్టరుగారు భోజనానికని వచ్చి మధ్యవర్తిగా చిక్కుకున్నారు. గూడెం బావగారు పాసింజరు దిగి, చంకలో కోటు పొట్లంతోనే వచ్చారు. అంత ధీమా! వంటింట్లో మా ఆవిడ కొర్రమేను కడుగుతోంది.

మడుగు కోట చుట్టూ నీళ్ళు, కిక్కిస గడ్డి. అందులో వీపున తాబేటిచిప్ప ఉన్న ఒక దళపతి. నీళ్ళ కిందే తిరుగుతాడు, ఉన్నట్టుండి పైకి లేస్తాడు, ఒక్క దెబ్బ వేస్తాడు, మళ్ళీ మునుగుతాడు. వాణ్ణి పడగొడితే కోట మనది. ముందు గూడెం బావగారు కూర్చున్నారు. డ్రిల్లు మాస్టారు కదా, దాడి తప్ప మరోటి తెలియదు. సంచినిండా మందుగుండు బుడ్లు వేశారు. నీళ్ళలో దిగగానే బుడ్లు తడిసి ఒక్కటీ పేలలేదు. రెండోసారి కత్తి దూసి దళపతి వెంట పరిగెత్తి, కిక్కిసలో దారి తప్పారు. మూడోసారి బాణాలన్నీ చిప్ప మీద కొట్టి ఖాళీ చేశారు. మూడు ప్రాణాలూ పోయాయి.

"కుర్చీ ఎత్తు సరిగా లేదండీ" అన్నారు లేస్తూ.

నా వంతు. ఆయుధాల గదిలోకి వెళ్ళాను. చెయ్యి దానంతటదే పనిచేసింది. ఇనపచొక్కా, టోపీ, కత్తి, డాలు, బాకు, విల్లు, బుడ్లు, తాడు, కాగడా. గీత ఎరుపు. అబ్బులు గట్టు దిగి ఒక్క అడుగు వేశాడు. మోకాలు దిగింది. రెండో అడుగుకి మెడ దిగింది. మూడో అడుగు లేదు, బుడగలే.

వెనకనుంచి వినిపించింది. "నించోండి బావగారూ!"

పాస్టరుగారు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగారు. నాకు పౌరుషం వచ్చి సామాను తగ్గించాను. బాకు ఒక్కటే తీసేశాను. అబ్బులు మళ్ళీ మునిగాడు. ఇక మిగిలింది ఒక్క ప్రాణం. నా కళ్ళ ముందు తణుకు వియ్యంకుడుగారు కనిపించారు, కోటు చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నట్టు.

అప్పుడు గుమ్మంలోకి మా ఆవిడ వచ్చింది, పసుపు చేతులతో.

"ఏవండీ, మళ్ళీ ట్రంకుపెట్టె ఎక్కించారా?"

"నువ్వెళ్ళి పులుసు చూసుకో. ఇక్కడ యుద్ధం జరుగుతోంది."

"పులుసు కుదిరిందండి. యుద్ధమే కుదిరినట్టు లేదు. నీళ్ళెంత లోతు?"

"నడుం లోతమ్మా. అడుగున బురద" అంది మా అమ్మాయి.

"బురదలోకి ఇనపచొక్కా ఏంటండీ? విప్పండి."

"దెబ్బలు తగుల్తాయే!"

"తగిలితే మూలికలున్నాయిగా. ములిగిపోయినోడికి మూలికేం చేస్తుంది?"

విప్పాను. టోపీ తీసేశాను. డాలు తీయడానికి కొంచెం గింజుకున్నాను. "రెండు చేతులూ నీళ్ళలో నిలదొక్కుకోడానికే చాలవు, డాలు ఎవరు పట్టుకుంటారండీ?" అంది. ఒక్కొక్కటే గోడకి తగిలించేస్తుంటే స్టోర్సు ఖాళీ అవుతున్నంత బాధ. గీత పసుపైంది, తరవాత ఆకుపచ్చయింది. అబ్బులు వారం రోజుల తరవాత మొదటిసారి నిటారుగా నిలబడ్డాడు.

"ఆ మూల పొడుగ్గా ఉందే, అదేంటి?"

"బల్లెం. బలం తక్కువని దాన్నెవరూ ముట్టుకోరు."

"పొడుగుంది కదండీ, అది చాలు. ఇంతకీ ఆ చిప్పోడు నీళ్ళ కింద ఎంతసేపుంటాడు?"

"కాసేపుండి పైకొస్తాడమ్మా."

"ఊపిరికా? అయితే కొర్రమేనే. దాని వెంటపడితే దొరకదు. కిక్కిస పక్కన కదలకుండా నించుని బుడగలు చూడండి. బుడగలు లేచినచోట అది నోరు తెరుస్తుంది. తెరిచినప్పుడే పొడవాలి, ముందూ కాదు, వెనకా కాదు."

"చెల్లెమ్మా, ఇది అన్యాయం" అన్నారు గూడెం బావగారు.

"నువ్వూ లంకలోనే పుట్టావు కదన్నయ్యా. తడి బుడ్లు పట్టుకుని నీళ్ళలో దిగావే, నీకేమైంది?"

ఆయన కోటు పొట్లాన్ని కుర్చీ వెనక్కి జరిపారు.

అబ్బులు ఉత్త నూలుచొక్కాతో, బల్లెంతో, రెండు మూలికలతో నీళ్ళలోకి దిగాడు. దూదిలా నడిచాడు! కిక్కిస పక్కన నిలబడ్డాడు. పదకొండు నిమిషాలు (నిజానికి నాలుగు) బుడగలు రావడం, నా బల్లెం దిగడం, దళపతి మునగడం. రెండు దెబ్బలు నాకూ తగిలాయి, రెండు మూలికలూ అయిపోయాయి. ఇక ఒక్క పోటు మిగిలింది. బుడగలు లేచాయి. అప్పుడు నేను, నా ఉక్కులాంటి బొటనవేలితో, రెప్ప వెయ్యకుండా, ఆ పెద్ద బటన్ని...

సరే. ఇంత దూరం వచ్చాక అబద్ధమెందుకు? నా బొటనవేలు బిగుసుకుపోయింది. "ఇప్పుడండీ! ఇప్పుడు!" అంటూ నా భుజం మీదుగా ఒక పసుపు వేలు వచ్చి నొక్కేసింది. చిప్ప బద్దలై, కోటతలుపులు తెరుచుకుని, బూరలు మోగాయి. నేను కుర్చీ మీంచి లేచి ఎగిరాను. మా అమ్మాయి ఎగిరింది. పాస్టరుగారు కూడా ఎగరబోయి సర్దుకున్నారు.

"గెలిచింది మా చెల్లెలు. పందెం నాకూ మీకూ కదండీ" అన్నారు గూడెం బావగారు.

అందరం పాస్టరుగారి వైపు చూశాం. ఆయన గొంతు సవరించుకున్నారు. "వాళ్ళిద్దర్నీ పెళ్ళినాడే ఒక్కటిగా లెక్కకట్టేశాం కదండీ మాస్టారూ. ఇప్పుడు విడదీయమంటే నా ఉద్యోగానికే ముప్పొస్తుంది. పులుసు చల్లారిపోతోంది, పదండి."

గూడెం బావగారు మాటమీద నిలబడే మనిషి. పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టి, "అభినందనలండీ" అన్నారు. ఆ రోజు నేను తిన్న కొర్రమేను పులుసు రుచి మళ్ళీ ఎప్పుడూ తగల్లేదు.

నెల తిరిగింది. మా ఇంట్లోనే నిశ్చితార్థం అయింది, భోజనాలయ్యాయి. "గూడెం బావగారూ, దోనె కథ!" అని ఎవరో అరిచారు. ఆయన చిన్నగా నవ్వి తల అడ్డంగా ఊపి, గ్లాసులో నీళ్ళు చూస్తూ కూర్చున్నారు. ఇంకోసారి అడిగారు. "మర్చిపోయానండీ" అన్నారు. జనం మొహాలు చిన్నబోయాయి. కాసేపటికి కబుర్లు రొయ్యల రేట్ల మీదికి మళ్ళాయి. దోనె కథ ఊసే లేదు. నేను గెలిచిన నిశ్శబ్దం అది. హాలు హాలంతా అదే. ముప్ఫై ఏళ్ళు నేను కోరుకున్నది చేతికందాక, అందులో కూర్చోడానికి చోటు లేదనిపించింది.

లోపలికెళ్ళి కోటు తొడుక్కొచ్చాను. చేతులు మోచేతుల దగ్గరే ఆగాయి. హాలు మధ్యన నిలబడి, "వియ్యంకుడుగారూ, నా గురించి మీకొక సంగతి తెలియాలి" అని మొదలుపెట్టాను. ముందు గొడుగు నీళ్ళలో పడిందని చెప్పానో లేదో, ఆ మూలనుంచి ఆగలేక ఒక గొంతు లేచింది. "గొడుగు కాదండి బావగారూ, స్టవ్వు! ముందు పడింది స్టవ్వు!"

"అయితే మీరే చెప్పండి మరి. పందెం రద్దు."

ఆయన ఒక్క గెంతులో నా పక్కకి వచ్చారు. ఆ రోజు చెప్పినంత బాగా ఆయనెప్పుడూ చెప్పలేదు. నేను మునిగి చూపించాను, ఆయన గెడ వేసి చూపించారు. చివరి మాట హాలంతా అరిచింది, అందరికంటే గట్టిగా హెడ్మాస్టరుగారు.

ఆ కంప్యూటరు ఎప్పుడో పోయింది. పసుపు మరక పడిన కీబోర్డు మాత్రం అటక మీద ఉంది, నేనే పడెయ్యనివ్వలేదు. మొన్న గణపవరంలో ఒక పెళ్ళికి బయల్దేరుతూ సంచి సర్దాను. ఒక్క పూటకే. స్వెట్టరు, టార్చిలైటు, రెండో జత చెప్పులు, మందుల డబ్బా, గొడుగు, అలారం గడియారం. మా ఆవిడ గుమ్మానికి ఆనుకుని కాసేపు చూసింది.

"ఏవండీ, అక్కడ నీళ్ళెంత లోతు?"

స్వెట్టరు తీసేశాను. టార్చి తీసేశాను, చెప్పులు తీసేశాను. గడియారం తీసి మంచం మీద పెట్టాను. సంచి తేలికైంది. నేనూ కాస్త నిటారుగా నిలబడ్డాను.

గొడుగు మాత్రం ఆవిడ అటు తిరిగాక మళ్ళీ పెట్టుకున్నాను.