చొక్కా లేని అట్టబొమ్మలు

నా దగ్గర ఇరవై నాలుగు పాత పాకెట్ నవలలున్నాయి. అన్నీ అరవైల నాటి అమెరికన్ సరుకు. ప్రతి అట్ట మీదా కనీసం ఒక మగాడికి చొక్కా ఉండదు. గుర్రం మీదున్నా, ఓడ మీదున్నా, ఆఫీసులో టైప్‌రైటర్ ముందున్నా ఉండదు. పక్కన ఇంకో మగాడు నిలబడి అతన్ని ఓరకంట చూస్తుంటాడు. ఆ చూపు అర్థం కానివాళ్ళ కోసం కింద ఎర్రక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. పాపం, పట్టణం, చీకటి కోరిక అనే మూడు మాటల్ని అటూ ఇటూ మార్చి ఇరవై నాలుగు పుస్తకాలకీ సరిపెట్టారు. కొన్నిటి మీద మూలన ఒక ఆడమనిషి కళ్ళొత్తుకుంటూ కనిపిస్తుంది. ఆవిడకి మాత్రం ఒంటి నిండా బట్టలుంటాయి.

మగాళ్ళని ప్రేమించే మగాళ్ళ కథలవి. ఆ రోజుల్లో బస్టాండు స్టాళ్ళలో, మందుల షాపుల్లో వెనక వరసలో పెట్టి అమ్మేవారట. నాకు మొదటిది ఫీనిక్స్‌లో ఒక పాత పుస్తకాల కొట్లో దొరికింది. అట్ట మీద ఒక కౌబాయ్ నెగడు ముందు కూచుని చొక్కా ఆరబెట్టుకుంటున్నాడు. చుట్టూ ఎడారి. అందులో చొక్కా ఎలా తడిసిందో ఆ బొమ్మ వేసినవాడికే తెలియాలి. షాపులోనే పగలబడి నవ్వాను. ఇంటికొచ్చి చదివాక నవ్వు ఆగిపోయింది. ముప్పై ఏళ్ళు వచ్చేదాకా నాలాంటివాడున్న కథ నేను ఒక్కటంటే ఒక్కటి చదవలేదు. అలాంటిది ఈ ముతక కాగితం మీద, పేజీకి నాలుగు అచ్చుతప్పులతో, ఒకడు ఇంకొకడితో "నువ్వొచ్చేదాకా తినబుద్ధి కాలేదు" అంటున్నాడు. ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

అప్పట్నించీ ఒక్కొక్కటే వెతికి తెచ్చుకున్నాను. ఫీనిక్స్ పక్కనే చాండ్లర్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో, ముందు హాల్లో, పెద్ద అద్దాల బీరువా ఉంటుంది. నెలకొకరు తమ సేకరణ అందులో పెట్టుకోవచ్చు. టీకప్పులు, రైలు బొమ్మలు, బామ్మలు కుట్టిన బొంతలు పెడుతుంటారు. నా అట్టబొమ్మల గురించి లైబ్రేరియన్‌కి చెబితే ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. రెండే షరతులు. ఫలానా శనివారం సాయంత్రం ఐదింటిలోగా పుస్తకాలు చేర్చాలి, లేకపోతే ఆ నెల బొంతలవాళ్ళకి ఇచ్చేస్తారు. ఇంకొకటి, సేకరించినవాళ్ళ పేరు కార్డు మీద ఉండాలి. నేను ఇంటిపేరుతో సహా రాసిచ్చాను. ఆఫీసులో ఇద్దరికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఊరందరికీ తెలిసేలా అద్దాల్లో పెట్టబోతున్నానని తెలిసే రాశాను. దాక్కుని దాక్కుని విసుగెత్తిపోయింది.

సరిగ్గా అప్పుడు అమ్మ వచ్చింది. అమ్మ దేశానికి అటు చివర, పిస్కాటవేలో అక్క దగ్గర ఉంటుంది. దసరా ఈసారి నా దగ్గర చేస్తానని ముందురోజు ఫోన్ చేసి, మర్నాడు విమానం దిగింది. నా సంగతి అమ్మకి తెలియదు. తెలిస్తే నన్ను చూసే చూపు మారిపోతుందేమో అన్నదొక్కటే నా భయం. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి, చిప్పులు చేసే ఫ్యాక్టరీలో పదిమంది నా మాట వింటారు, అయినా ఆ ఒక్క భయం మాత్రం చిన్నప్పుడెంత ఉందో అంతే ఉంది. నాకు కార్డు మీద పేరూ కావాలి, అమ్మా కావాలి.

కాబట్టి అమ్మ రాకముందే తెలివైన పని ఒకటి చేశాను. కిరాణా షాపు బ్రౌన్ పేపర్ సంచులు కత్తిరించి, ఇరవై నాలుగు పుస్తకాలకీ స్కూల్లో వేసినట్టే అట్టలు వేశాను. లేబుళ్ళు అంటించి "సెమీకండక్టర్ ప్రాసెస్, 1" నుంచి "24" దాకా రాశాను. శనివారం పొద్దున్నే ఆఫీసు పనని చెప్పి పట్టుకుపోవచ్చు. అమ్మ ఉన్నన్నాళ్ళూ లైబ్రరీ వైపు తీసుకెళ్ళకుండా నెట్టుకురావచ్చు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ నన్నెవరూ చూడట్లేదనుకుంటుందట. నేను అంతకన్నా ఘనుణ్ణి.

శుక్రవారం సరస్వతీ పూజ. ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో చిన్న టేబుల్ మీద అమ్మవారి పటం, దాని ముందు నా ఇరవై నాలుగు పుస్తకాలూ పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క అట్టకీ పసుపు, కుంకుమ బొట్లు. పైన చామంతులు.

"నీ చదువు పుస్తకాలేరా," అంది అమ్మ. "నీకింత అన్నం పెడుతున్నవి అవే కదా. ఇరవై నాలుగు భాగాలు చదివావా నాన్నా? కళ్ళేమైపోవాలి?"

చొక్కాల్లేని ఇరవై నాలుగు మంది అమెరికన్లు సరస్వతీదేవి ముందు పూజలందుకుంటున్నారు.

"దశమి దాకా ముట్టుకోకు," అంది మళ్ళీ. మా ఇంట్లో అది ఆచారం. పూజలో పెట్టిన పుస్తకాన్ని దశమి నాడు తీసేదాకా తాకరు, తాకితే ఉన్న చదువు కూడా పోతుందంటారు. దశమి సోమవారం. లైబ్రరీవాళ్ళ గడువు శనివారం.

శనివారం మధ్యాహ్నం దాకా తేలు కుట్టిన దొంగలా ఆ టేబుల్ చుట్టూ తిరిగాను. రెండు గంటలకి ఇక లాభం లేదని అమ్మ ఎదురుగా కూచున్నాను.

"అమ్మా, ఆ పుస్తకాలు ఇవాళే కావాలి. ఐదింటికల్లా లైబ్రరీలో ఇవ్వాలి."

"ఆఫీసు పుస్తకాలు లైబ్రరీకి ఎందుకు?"

అబద్ధం నోటి చివరే ఉంది. నా దగ్గర ఎప్పుడూ ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఎందుకో ఆ రోజు అది చెప్పాలంటే ఒళ్ళు మండింది.

"అవి ఆఫీసువి కాదు. నవలలు."

"నవలలకి అట్టలు వేయడం దేనికి?" అని కాసేపు నా మొహం చూసి నవ్వింది. "ఓహో. నేను మాత్రం తక్కువ తిన్నానా? అద్దెకి తెచ్చుకున్న నవల సోషల్ పుస్తకంలో పెట్టి మా నాన్న ముందే చదివేదాన్ని. బూతువా ఏంటి?"

"కొంచెం. ప్రేమకథలమ్మా. మగాడికీ మగాడికీ మధ్య."

"నువ్వెందుకు చదువుతున్నావ్ అవి?"

"నా కథలు కాబట్టి."

అమ్మ నవ్వు ఆగిపోయింది. నేను అంతటితో ఆపలేదు. ఒకసారి మొదలయ్యాక ఆగడం నా వల్ల కాలేదు. ఎప్పట్నించీ తెలుసో, ఎన్ని సంబంధాలు ఎందుకు తప్పించుకున్నానో, కార్డు మీద ఏం రాసిచ్చానో అన్నీ చెప్పేశాను. అమ్మ వింది. విని, ఒళ్ళో ఉన్న చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, బాత్రూంలోకి వెళ్ళింది. కాళ్ళూ చేతులూ కడుక్కున్న చప్పుడు వినిపించింది. బయటికొచ్చి నా వైపు చూడకుండా అంది:

"ఉద్వాసన చెప్పేస్తాను."

ఆ ఏడాది మా ఆఫీసులో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. తెలుగు పేపరు తెరిస్తే చాలు, వెయ్యి మందికి ఉద్వాసన, రెండు వేల మందికి ఉద్వాసన అనే కనబడేది. నా బుర్రకి ఆ మాటకి ఆ ఒక్క అర్థమే తట్టింది. అమ్మ నన్ను కొడుకు ఉద్యోగంలోంచి పీకేసింది, ఇక నేను కొడుకుని కాను అనుకున్నాను.

"ఎవరికమ్మా?" అన్నాను.

"ఎవరికేంట్రా, అమ్మవారికి. చెప్పకుండా ఎలా తీస్తావ్ పుస్తకాలు?"

పటం ముందు కూచుని, అక్షతలు వేసి, యథాస్థానం ప్రవేశయామి అని, రెండు చేతుల్తో ఆ పుస్తకాల దొంతరని కాస్త ఉత్తరానికి జరిపింది. పూజ ముగిసిందని అమ్మవారిని సాగనంపడానికి చేసే పని అది. అసలు ఆ మాటకి అర్థమే అది. నేను పేపరు చదివి చదివి మర్చిపోయాను.

"దశమి కాకుండానే తీస్తే తప్పు కదా?"

"తప్పే. ఆవిడతో నేను చెప్పుకుంటాలే. నువ్వు బయల్దేరు, టైమవుతుంది."

మొహంలో నవ్వు లేదు. గుమ్మం దాకా కూడా రాలేదు. నేను నాలుగున్నరకి లైబ్రరీలో ఉన్నాను.

ఆ తర్వాత మూడు రోజులు మా మధ్య వంట మాటలు తప్ప వేరే మాటల్లేవు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగేది, సరిపోయింది అనేవాణ్ణి. నాకు కోపం కూడా వచ్చింది. తిట్టాలనుంటే తిట్టొచ్చు కదా, ఈ మౌనవ్రతం ఏంటని. మంగళవారం పొద్దున దోసె తిరగేస్తూ తనే అడిగింది.

"ఆ పుస్తకాల్లో చివరికి వాళ్ళేమవుతారు?"

అబద్ధాలు మానేశాను కాబట్టి ఉన్నదే చెప్పాను. "చాలావాటిల్లో ఒకడు చచ్చిపోతాడు. లేకపోతే పిచ్చెక్కుతుంది. అలా రాస్తేనే అప్పట్లో అచ్చేసేవాళ్ళట."

అట్లకాడ అక్కడే పెట్టేసింది. దోసె మాడుతున్నా చూడలేదు. "చావనివి లేవా?"

"ఉన్నాయి. నాలుగు. ఆ కౌబాయ్‌లు చావరు. చివర్లో కొంచెం పొలం కొనుక్కుని కోళ్ళు పెంచుకుంటారు."

"ఇద్దరూ కలిసేనా?"

"కలిసే."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నువ్వు చెప్పిందానికి కాదురా నా బాధ. ఈ మూడు రోజులూ అదే ఆలోచిస్తున్నా. రేపు నేను లేకపోతే, జ్వరమొస్తే, నీకు మంచినీళ్ళిచ్చే మనిషి ఎవరని." పొయ్యి ఆపి, "ముందే చెప్తే ఏం పోయేది? ఇన్నేళ్ళు ఒక్కడివే మోశావు," అంది. మాడిన దోసె ఇద్దరం చెరిసగం తిన్నాం.

ఆ వారం శనివారం ప్రదర్శన మొదలైంది. అమ్మ పట్టుచీర కట్టుకుంది. లైబ్రరీకి పట్టుచీర ఏంటమ్మా అంటే, నీ పేరు పెట్టారు కదా అంది. అద్దాల వెనక లైట్లు వేసి, బ్రౌన్ పేపర్లు తీసేసిన పుస్తకాలన్నీ నిలబెట్టారు. నావికులు, కౌబాయ్‌లు, గుమాస్తాలు అందరూ ఛాతీలు విరుచుకుని నిలబడ్డారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క బొమ్మే పరిశీలించింది. "వీడి చేతికి ఆరు వేళ్ళేశాడు చూడు. మన నవలల మీద బొమ్మలు ఎంత చక్కగా వేసేవాళ్ళు," అని పెదవి విరిచింది. ఎదురుగా కార్డు మీద నా పేరు, ఇంటిపేరుతో సహా. గర్వంతో నాకు నేల మీద కాళ్ళు ఆనడం లేదు.

అంతలో మనవరాల్ని తీసుకుని మా వీధిలో ఉండే ఒక తెలుగావిడ వచ్చింది. పొద్దున వాకింగ్‌లో అమ్మకి పరిచయమైంది. ఆవిడకి తెలియని తెలుగు కుటుంబం చాండ్లర్‌లో లేదు. అద్దాల్లోకి చూసి గబుక్కున పిల్లని వెనక్కి తిప్పుకుంది.

"ఏంటక్కా ఈ బొమ్మలు? పిల్లలు తిరిగే చోట. ఎవరు పెట్టారో ఏమో."

ఇరవై ఏళ్ళ అలవాటు. నా కాళ్ళు వాటంతటవే తలుపు వైపు ఒక అడుగేశాయి. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"మా అబ్బాయి పెట్టాడు," అంది.

ఆవిడ కార్డు చదివింది. నన్ను చూసింది. మళ్ళీ బొమ్మల్ని చూసింది. "అంటే... మీ అబ్బాయి..."

"అవునమ్మా. మీకు బోలెడు మంది తెలుసు కదా, మంచి పిల్లాడు ఎవరైనా ఉంటే చెప్పండి. ఇంజినీరే కానక్కర్లేదు."

ఆవిడ ఏళ్ళ తరబడి ఊళ్ళో సంబంధాలు కుదిర్చిన మనిషి. ఆ అలవాటే ముందు తేరుకున్నట్టుంది.

"ప్యూర్ వెజిటేరియనే కావాలా అక్కా?" అంది.

"ఏదైనా పర్లేదు," అంది అమ్మ, నా చెయ్యి వదలకుండా. "నూరేళ్ళు వీడి పక్కన ఉండేవాడైతే చాలు."