గరుడవాహనం మోయనివ్వని భుజం

ఆ కబురు ముందుగా తెచ్చింది మా ఇంటికి పాలు పోసే ఆమె. ఊరిగాంలో మా క్వార్టరు గుమ్మం ముందు క్యాను దించి, "అమ్మా, సైనైడ్ దిబ్బ కాడ గరుడుడు పడిపోయుండాడు. మెడ వంకరపోయి కొట్టుకుంటా ఉండాడు" అంది.

ఆ రోజు శనివారం. శనివారాల్లో గరుడపక్షి తెల్లని తల, ఇటుకరంగు రెక్కలు ఆకాశంలో కనబడి, చెంపలు వేసుకున్నాకే నేను మంచినీళ్లు ముట్టేదాన్ని. ఆ అలవాటు మా మామది. ఆయన బంగారు గనిలో పనిచేసి రిటైరయ్యారు. బడి గడప తొక్కని కోడలికి ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే. ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే.

గని మట్టి పోసిన ఆ దిబ్బ దగ్గరికి మామా నేనూ వెళ్లేసరికి పక్షి చనిపోయింది. దిబ్బ వెనక సంచులు చిరిగి ఉన్నాయి, వాటి నిండా చచ్చిన ఫారం కోళ్లు. మా ఊరి కోళ్ల ఫారం ఆయన సున్నం వేసి పూడ్చడానికి బద్ధకించి అక్కడ పారేయించాడు. గరుడపక్షులు వాటినే తిన్నాయి.

"ముట్టుకోవద్దు మామా" అన్నాను.

"దేవుణ్ణి దిక్కులేనోని మాదిరి వదిలేస్తామా అమ్మా?"

ఉత్త చేతులతో ఎత్తుకున్నారు. పాలతో కడిగి, పసుపు పూసి, కొత్త గుడ్డలో చుట్టి మనిషికి చేసినట్టే పూడ్చారు. మా మామ తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అది. తర్వాత జ్వరం, ఆయాసం. గని దుమ్ము తిన్న ఊపిరితిత్తులు తట్టుకోలేకపోయాయి. ఆయన పోయాక పశువుల డాక్టర్లు వచ్చి, కోళ్లకూ గద్దలకూ ఒకటే రోగం, బర్డ్ ఫ్లూ అన్నారు. మామను తీసుకుపోయింది అదేనా అన్నది ఏ డాక్టరూ తేల్చలేదు. నేను తేల్చుకున్నాను.

ఫారం ఆయన మాత్రం "గద్దలే రోగం తెచ్చినాయి" అని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

ఆ ఏడు బ్రహ్మోత్సవంలో గరుడసేవ నాడు, ఆయనే పట్టుపంచె కట్టి గరుడవాహనం మోసే కొయ్యకు భుజం పెట్టబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"నిలు అప్పా. చంపినోనివి, మళ్లా మోస్తావా?"

"ఏందమ్మా ఇది! గద్దలు చస్తే నేనేం చేసేది?"

"గద్దంటివే! మరి ఈ కొయ్యల మీద ఉండేది ఎవురప్పా?"

జనంలోంచి పాలామె గొంతు లేచింది: "కోడివాహనం చేయించుకో పో అప్పా!"

అందరూ నవ్వారు. ఆయన భుజం మీది కండువా తీసుకుని వెనక్కి నడిచాడు. ఆ నడక చూసి నా కడుపు చల్లబడింది.

"క్షమించమ్మా" అన్నారు పూజారి. క్షమించడం స్వామి పని. నాకు మాత్రం ఆ బుద్ధి ఇవ్వొద్దని అక్కడే దణ్ణం పెట్టుకున్నాను. ఇప్పటికీ ఇవ్వలేదు, స్వామి దయ. ఏటా గరుడసేవకు ఆ కొయ్య పక్కనే నిలబడతాను. ఫారం ఆయన దూరంగానే ఉంటాడు.

దిబ్బల మీద ఇప్పుడు ఎప్పుడో ఒకసారి గరుడపక్షి కనబడుతుంది. మీకూ కనబడితే, చెంపలు వేసుకున్నాక, ఉత్త చేతులతో దేవుణ్ణి ఎత్తుకున్న మా మామను ఒక్కసారి తలుచుకోండి.